బందరు నుంచి బయల్దేరిన కెమెరా

సావనీరు కోసం పాత గ్రూపు ఫోటోలు పంపమని సంఘం వారు కబురు చేసినప్పుడు, మా పదో తరగతి ఫోటో కోసం ట్రంకు పెట్టె అడుగుదాకా వెతికాను. దొరికింది. మధ్య కుర్చీల్లో హెడ్మాస్టరు గారు, మాష్టార్లు. వెనక బల్లల మీద మేము. కింద అట్ట మీద అందరి పేర్లూ వరసగా ఉన్నాయి. ఒక్క పేరు మాత్రం లేదు. ఆ ఫోటో తీసినాయన పేరు.

అప్పట్లో ఆ ఫోటో కాపీ ఖరీదు పన్నెండు రూపాయలు. నెలాఖరు కావడంతో వచ్చే నెల చూద్దామన్నారు మా నాన్నగారు. సంగతి తెలిసిన ఫోటోగ్రాఫరు గారు, "తీసుకెళ్లు బాబూ, డబ్బులు తర్వాత ఇద్దువుగాని" అని కవరులో పెట్టి చేతికిచ్చారు. నేను ఇంటరుకు, ఆపైన ఇంజనీరింగుకు ఊరు దాటిపోయాను. ఉద్యోగం వచ్చాక వెతుక్కుంటూ వెళ్తే, స్టూడియో ఉన్న చోట జిరాక్సు దుకాణం కనిపించింది. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

అందుకే ఈ సంచికకు ఒక ఫోటోగ్రాఫరు చరిత్ర రాయాలనుకున్నాను. ఆయనా మన బందరు మనిషే. పేరు రఘుపతి వెంకయ్య నాయుడు.

1869లో మచిలీపట్నంలో పుట్టిన వెంకయ్య గారు యువకుడిగా మద్రాసు చేరి, ఫోటో స్టూడియో పెట్టుకుని నిలదొక్కుకున్నారు. స్టూడియో బాగా నడుస్తున్న మనిషి సాధారణంగా ఇంకో కెమెరా కొంటాడు, లేదా ఇల్లు కట్టుకుంటాడు. ఆయన అలా చెయ్యలేదు. 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రం కోసం స్టూడియోనే తాకట్టు పెట్టారు. దాని వెల 30,000 రూపాయలని సినిమా చరిత్రలు చెబుతాయి. ఆ రోజుల్లో అది ఒక కుటుంబం తరతరాలు తినగల సొమ్ము.

ఇంజనీరుగా నాకు ఆ యంత్రమంటే ముచ్చట. ఫ్రాన్సులో గోమో కంపెనీ తయారుచేసింది. బొమ్మ ప్రొజెక్టరులోంచి, పాట గ్రామఫోను రికార్డులోంచి వచ్చేవి. హాళ్లలో వాడేందుకు ఎలక్ట్రానిక్ యాంప్లిఫయరు అప్పటికి లేదు. సూది చేసే సన్నటి చప్పుడు హాలంతా వినిపించడానికి ఒత్తిడి గాలిని వాడేవారు. ఆ గాలిని చిన్న వాల్వు గుండా శబ్దానికి తగ్గట్టు వదిలితే, కొమ్ములోంచి అదే గొంతై బయటికొచ్చేది. ఇక రెండు మోటార్లూ ఒకే వేగంతో తిరగాలి. ఒకటి కాస్త వెనకబడిందా, పెదవి ఒకచోట, పాట ఒకచోట. ఆపరేటరు వాటి వేగం సరిచూసుకుంటూ నిలబడాల్సిందే. 'భక్త ప్రహ్లాద' 1932లో తెలుగులో మాట్లాడింది. అంతకు రెండు దశాబ్దాల ముందే వెంకయ్య గారు జనానికి పాడే బొమ్మను చూపించారన్నమాట.

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు వేశారు. తర్వాత డేరాతో ఊళ్లు తిరిగారు. బర్మా, సింహళం దాకా వెళ్లొచ్చారు. ఆ డబ్బుతో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. ఆ నగరంలో భారతీయుడు కట్టిన తొలి సినిమా హాలు అదే. దాని వెనక క్రౌన్, గ్లోబ్ కూడా లేచాయి.

అంతటితో ఆగితే ఆయన మంచి వ్యాపారి అయి ఉండేవారు. కానీ ఇతరుల బొమ్మలు చూపించడం చాలదనుకున్నారు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' అనే సంస్థ పెట్టి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీశారు. ప్రకాశ్ గారే దర్శకుడు, ఆయనే భీష్ముడు. తర్వాతి కాలంలో పేరున్న దర్శకులైన సి. పుల్లయ్య, వై.వి. రావు వంటివారు ఈ తండ్రీకొడుకుల దగ్గరే పని నేర్చుకున్నారు.

సంస్థ ఎక్కువకాలం నిలవలేదు. వెంకయ్య గారు 1941లో కన్నుమూశారు. 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు నేడు లేదు. నాటి ఫిలిం నైట్రేటుతో చేసినది. వేడికి, తేమకు చెడిపోతుంది, నిప్పంటుకుంటే ఆరదు. మన మూకీ చిత్రాలు చాలావరకు అలాగే పోయాయి. 1980లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారం నెలకొల్పింది. తీసిన సినిమా పోయినా మనిషి పేరు నిలిచింది.

అందరికీ ఆ అదృష్టం దొరకదు. మన బడి ఫోటోలు తీసినాయనకు సినిమాలూ లేవు, థియేటర్లూ లేవు. నల్లగుడ్డ కప్పుకుని, "కదలకండర్రా, కళ్లు మూయకండి" అని మూడు వరసల్నీ సర్దుకుని, ఏటా ఒక బ్యాచ్‌ను నిలబెట్టిపోయారు. ఈ సంచికలో మన ముఖాలు కనిపిస్తున్నాయంటే ఆయన చలవే. అయినా ఏ ఒక్క ఫోటోలోనూ ఆయన లేరు.

మా బ్యాచ్ ఫోటో అచ్చువేసేటప్పుడు పేర్ల కింద ఒక వరస ఖాళీ ఉంచమని సంపాదకులను కోరాను. ఆయన పేరు గుర్తున్న పూర్వ విద్యార్థులు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ ఖాళీలో రాసి సంఘానికి తెలియజేయండి. ఆయన పిల్లల జాడ తెలిస్తే మరీ మంచిది. పన్నెండు రూపాయలు నా దగ్గర ఉన్నాయి.