టై రాడ్ ఎండ్

లారీలు, బస్సులలో ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ చివరన ఉండే బాల్ జాయింటును టై రాడ్ ఎండ్ అంటారు. క్రమంగా సన్నబడే దీని పిన్ను, టై రాడ్ ఆర్మ్‌లో అదే ఆకారపు రంధ్రంలో కూర్చుంటుంది. నట్టు పిన్నును లోనికి లాగుతుంది. పట్టి ఉంచేది ప్రధానంగా రాపిడి. అందువలన నట్టు తీసినంత మాత్రాన జాయింటు ఊడిరాదు. తుప్పు తోడైతే మరింత మొండికేస్తుంది.

విప్పే విధానం

స్ప్లిట్ పిన్ను తీసి, నట్టును పూర్తిగా తొలగించక పిన్ను కొనతో సమంగా ఉంచుతారు. జాయింటు ఎగిరిపడకుండా, మరచుట్లు చెడకుండా ఇది కాపాడుతుంది. పుల్లరుతో ఒత్తిడి కలిగించి, రంధ్రమున్న తలభాగానికి ఒకవైపు బరువైన సుత్తిని ఆనించి, ఎదుటివైపు మరొక సుత్తితో కొడితే సాధారణంగా పట్టు వదులుతుంది. చీలిక పనిముట్టు రబ్బరు తొడుగును చింపుతుంది గనుక, పారవేయదలచిన జాయింటుకే అది తగినది.

గ్యాస్ మంటతో వేడిచేయడం సులువే గాని మిక్కిలి ప్రమాదకరం. వేడికి గట్టిపరచిన ఉక్కు బలహీనపడుతుంది. ఆ లోపం కంటికి కనబడదు. తరువాత ఎప్పుడో రహదారిపై ఆర్మ్ విరిగితే వాహనం అదుపు తప్పుతుంది.

తిరిగి బిగించుట

కొత్త స్ప్లిట్ పిన్నునే వాడాలి. రంధ్రం కుదరనిచో నట్టును వదులు చేయరాదు, తరువాతి గాడి వరకు బిగించాలి. పిదప చక్రాల టో-ఇన్ సరిచూడాలి.