ఉరుకుంద దారిలో – 4 : బాడిగ ఇల్లు



పోయిన భాగంలో సుగ్గి గురించి రాసినాను. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి మిరపకాయలు తెంపడానికి, పత్తి తీయడానికి గుంటూరు దిక్కు పోయి, చేను గట్టున పట్టా కప్పుకోని పండుకునే మన కుటుంబాల గురించి. దాని కింద ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, నువ్వు కూడా ల్యాప్‌టాప్ ఎత్తుకోని తిరిగే సుగ్గోనివే గదా. నీకు ఇల్లు ఎవరిచ్చినారు?"

నవ్వులాటకే అడిగినాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అమ్మ కంటి ఆపరేషన్ కోసం మూడు నెలలు ఇంటికాడి నుంచే పని చేసుకుంటానని హైదరాబాద్ ఆఫీసులో ఒప్పించి వచ్చినాను. మా పేటలో సిగ్నల్ ఒక్క గీత. మీటింగ్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని టౌన్‌లో గది చూసుకుందామనుకున్నా. మొదటి రెండు రాత్రులు ఉరుకుందలో ఉన్నాను. శ్రావణం ఇంకా రాలేదు కాబట్టి గది దొరికింది. శ్రావణంలో అయితే కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి వచ్చే జనంతో నిలబడేదానికే చోటుండదు. ఆధార్ చూసినారు, దుడ్డు తీసుకున్నారు, తాళం ఇచ్చినారు. అంతే. ఒక్క రాత్రి ఉండి పోయేవానితో ఎవరికీ పేచీ లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాల. ఈరన్న స్వామి పుణ్యమా అని ఈ సీమలో పేరు పట్టి కులం కనుక్కోవడం కష్టం. ఈరన్న, ఈరమ్మ, వీరేశ్, నరసింహులు... ఊరికి పది మంది, అన్ని కులాల్లో. మా ఇంట్లోనూ ఒక ఈరన్న ఉన్నాడు. పేరు సాయం చేయకపోతే మనుషులు వేరే దారి వెతుక్కుంటారు. ఆ దారి ఎట్లుంటదో బాడిగ ఇల్లు వెతికేటప్పుడు తెలిసింది.

ఓనరు మంచిగానే మాట్లాడినాడు. సాఫ్ట్‌వేర్ అనగానే కుర్చీ వేయించినాడు, టీ తెప్పించినాడు. ఏ ఊరప్పా అన్నాడు. చెప్పినా. ఒక గుటక తాగి, "ఊర్లో ఏ దిక్కు?" అన్నాడు.

ఈ ప్రశ్న అర్థం కానివాళ్లు అదృష్టవంతులు. మన ఊళ్లలో మాలపేట, మాదిగపేట ఏ దిక్కున ఉంటాయో చుట్టుపక్కల ఊళ్లందరికీ తెలుసు. దిక్కు చెప్తే కులం చెప్పినట్టే. ఆదోని 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే కర్నూలు జిల్లాలో కలిసింది. అందుకే ఇక్కడ తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ వినపడతాయి. ఏ దిక్కు అనే ప్రశ్నను మూడు భాషల్లోనూ విన్నాను.

"ఆంజనేయస్వామి గుడి దగ్గర" అన్నాను. అబద్ధం. నలభై ఏళ్ల వయసులో, పది వేదికల మీద ఆత్మగౌరవం గురించి మాట్లాడినోడిని, ఒక గది కోసం మా నాయన కట్టిన ఇంటిని ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు జరిపినాను.

ఆ రాత్రి నిద్ర పట్టక బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మళ్లీ తీసినాను. చాలామంది చదివే ఉంటారు, అయినా చెప్తా. 1917. అమెరికాలో, లండన్‌లో చదువుకోని వచ్చిన మనిషి బరోడా సంస్థానంలో కొలువుకు పోతాడు. ఉండేదానికి చోటు లేదు. ఒక పార్శీ సత్రంలో, పార్శీ పేరు రాయించి దిగుతాడు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే డజను మంది పార్శీలు కట్టెలు పట్టుకోని మెట్లెక్కి వస్తారు. ఎనిమిది గంటలు గడువు అడిగి బయటపడతాడు. ఒక హిందూ స్నేహితున్ని అడిగితే, నువ్వొస్తే మా పనోళ్లు వెళ్లిపోతారంటాడు. క్రైస్తవుడైన ఇంకో స్నేహితుడు భార్య వచ్చినాక అడిగి చెప్తానంటాడు. వాళ్లిద్దరూ బ్రాహ్మణ కుటుంబాల నుంచి మతం మారినవాళ్లు. రాత్రి బొంబాయి రైలు దాకా కామాఠీ బాగ్ తోటలో కూర్చుంటాడు.

ఇన్నేండ్లు ఆ కట్టెల గురించే చదివినాను. ఆ రాత్రి మాత్రం కట్టెలు రాకముందు గడిచిన పది రోజుల మీదే నా చూపు పడింది. పేరు మార్చుకోని ఆ ఖాళీ సత్రంలో ఒక్కడే పండుకున్న పది రోజులు.

బయటోళ్లు వచ్చి స్థిరపడటం ఈ సీమకు కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, ఆ కాలంలో చాలా భాగం డేరాల్లోనే తిరిగినాడు. ఆ డేరాలు ఎక్కడ వేయాలో ఆయన్ను ఎవరూ నిలదీసి ఉండరు. 1871లో మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరింది. పత్తి వ్యాపారం పెరిగింది, ఎక్కడి నుంచో మార్వాడీలు వచ్చి ఆదోనిలో నిలదొక్కుకున్నారు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టినాడు. 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ సంఘం నేతగాళ్లకు కాలనీ కూడా కట్టింది. మంచి పని, కాదనను. కానీ ఈ దేశంలో ముతక గుడ్డ నేసినోళ్లలో మాలలూ ఉన్నారు. ఆ నేత ఎప్పుడు పోయిందో, మగ్గం గుంత ఎప్పుడు పూడిందో రాసినోళ్లు తక్కువ. వ్యాపారం పట్టుకోని వచ్చినోనికి ఊరు చోటిచ్చింది. ఊర్లోనే పుట్టినోనికి మాత్రం దిక్కు చూపించింది.

చట్టం లేదా అంటారు. ఉంది. రాజ్యాంగం 17వ అధికరణం ఉంది. 1955 పౌరహక్కుల చట్టం నాలుగో సెక్షన్‌లో, ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడాన్ని, అందులో నివసించడాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం నేరమని ఉంది. అదే దేశంలో 2005లో, అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ తన వాళ్లకే సభ్యత్వం ఇస్తామంటే సుప్రీంకోర్టు సరేనంది. పార్శీల మీద నాకు కోపం లేదు, చిన్న సమాజం, వాళ్ల భయం వాళ్లది. కానీ ఆ తీర్పు నీడలో ఎవరెవరు గేట్లు కట్టుకుంటారో చూడాల. శ్రీశైలం పోయినోళ్లకు తెలుసు, కులానికో సత్రం. దేవుని ముందర కూడా ఏ దిక్కు అనే ప్రశ్న వస్తుంది.

నా అబద్ధం పందొమ్మిది రోజులు నిలబడింది. దాన్ని ఎవరూ బయటపెట్టలేదు. అమ్మ వచ్చింది, అంతే. ఆపరేషన్ అయిన కంటికి నల్ల అద్దాలు. గేటు కాడనే చెప్పులు విడిచి, చేతిలో పట్టుకోని, ఎండలో పక్కకు నిలబడింది, ఎవరైనా రమ్మంటారేమోనని. ఓనరు భార్య వరండాలో నుంచి చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ నిలబడటం చాలు ఆమెకు.

రెండు రోజులకు ఓనరు వచ్చినాడు. తమ్ముని కొడుకు చదువుకు వస్తున్నాడంట, గది కావాలంట. అడ్వాన్సు పూర్తిగా ఇచ్చినాడు, ఆ నెల బాడిగలో సగం కూడా వాపసు ఇచ్చినాడు. కట్టెలు లేవు, అరుపులు లేవు. కేసు పెడదామంటే ఏమని పెట్టాల? ఆయన అన్న ప్రతి మాటా మర్యాదగానే ఉంది.

ఇప్పుడు ఆదోనిలో ఉన్నాను. ఓనరు ఒక ముసలి ముస్లిం ఆమె. ఈసారి ఆమె అడగకముందే నేనే చెప్పినాను, ఫలానా ఊరు, మాదిగపేట అని. ఆమె ఒక నిమిషం చూసి, "నీళ్లు వచ్చే రోజు బిందెలు నువ్వే పట్టుకోవాల బేటా, నాకు మోకాళ్లు నొప్పి" అంది. ముస్లింల ఇళ్లన్నీ ఇట్లే ఉంటాయని రాయను. కులం అక్కడా ఉంది, బాధపడిన మిత్రులు చెప్పినారు. ఈ ఇల్లు ఇట్లుంది, అంతవరకే.

కంటి చెకప్‌కు వచ్చినప్పుడల్లా అమ్మ ఇక్కడికే వస్తుంది. ముసలామె లోపల నుంచి "ఆవ్ మా, ఆవ్" అని కేక వేస్తుంది. అమ్మ వస్తుంది, కూర్చుంటుంది, ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకుంటారు. కానీ చెప్పులు మాత్రం ఇంకా గేటు కాడనే విడుస్తుంది, చేతిలో పట్టుకోని కాసేపు నిలబడుతుంది. పిలిచేదాకా.

(ఇంకా ఉంది)