నాగిన్ బీన్ వెనక సాజ్

1954లో వచ్చిన 'నాగిన్' సినిమాలో వినిపించే ఆ ఆవాజ్‌ని ఇప్పటికీ చాలామంది బీన్ అనే అనుకుంటారు. నిజానికి అది హేమంత్ కుమార్ సంగీతంలో కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్. ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో తయారుచేసిన కరెంటు సాజ్. ఆ ఆవాజ్ పుట్టేది గాజు వాల్వుల్లోంచే.

అలాంటి పురానా సాజ్‌ల గర్ద్ దులపాలంటే సబర్ కావాలి. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, జాన్‌కే ఖత్రా. అందుకే మూత విప్పే పని ఉస్తాద్‌కే వదిలేస్తాను. పైన పొడి బ్రష్‌తో మెల్లగా దులుపుతాను, తడిబట్ట ముట్టించను. వాల్వు గాజు మీది నంబర్‌ని మాత్రం ఎవర్నీ రుద్దనివ్వను. గర్ద్‌తోపాటు అదీ చెరిగిపోతే, దాని బదులు ఏ వాల్వు పెట్టాలో తెలుసుకోవడం ముష్కిల్.

బీన్ పేరు కింద ఈ సాజ్ పేరు ఎప్పుడో మరుగున పడింది. మిగిలిన నిషానీనైనా హిఫాజత్‌గా ఉంచుదాం.