తాళం పడని కరెంటు

తామరైపాక్కం ఆనకట్ట దగ్గర టీ కొట్టులో నేనూ ఒక పెద్దాయనా కూర్చున్నాం. ఆ పెద్దాయన జేబులోంచి ఎర్ర తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టాడు. దగ్గర్లోని ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

"ఇదుండాదే సార్, కరెంటుకు భయపడి కాదు, పక్కోడి చేతికి భయపడి" అన్నాడు.

ఆయన మోటారు కింద దూరి ఉంటే, ఆఫ్‌లో ఎందుకుందిది అనుకుంటూ ప్యానెల్ దగ్గర ఎవరో ఆన్ చేసేయొచ్చు. అందుకే బ్రేకర్ దించి, తాళం వేసి, పేరున్న ట్యాగ్ తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. నలుగురు పనిలో దిగితే నాలుగు తాళాలు. టెస్టర్ ముందు కరెంటున్న చోట పెట్టి చూస్తాడు, తర్వాత పనిచేసే చోట, మళ్ళీ కరెంటున్న చోట. టెస్టరే చచ్చి ఉండొచ్చు కదా! మన లైన్‌మెన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకునేదీ ఇందుకే.

నేను అడగాలని వచ్చింది మాత్రం శ్రీశైలం గురించి. తెలుగుగంగ కాలువలో ఇక్కడి పూండి జలాశయానికి చేరేది శ్రీశైలం నీళ్ళే.

2020 ఆగస్టు 20, గురువారం. కృష్ణకు వరద. ఎడమగట్టు పవర్‌హౌస్ నల్లమల కొండ కడుపులో ఉంటుంది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900. వాహనాలు వెళ్ళాలన్నా సొరంగమే దారి. ఆ రాత్రి లోపల బ్యాటరీలు మార్చే పని నడుస్తోంది. బ్యాటరీ కంపెనీ మనుషులు ఇద్దరు అక్కడే ఉన్నారు. పదిన్నర ప్రాంతంలో మంటలు లేచాయి. పొగ సొరంగాన్ని కమ్మేసింది. బయటి నుంచి వెళ్ళినవాళ్ళు ఆ పొగకు లోతుగా పోలేక వెనక్కి వచ్చారు. ఎనిమిది మంది ఎలాగో బయటపడ్డారు. మర్నాడు తొమ్మిది మృతదేహాలు తెచ్చారు. ఏడుగురు జెన్‌కో ఉద్యోగులు, ఆ ఇద్దరూ. ప్రభుత్వం సీఐడీ విచారణ వేసింది.

యూనిట్లు తిరుగుతుంటే బ్యాటరీలు మార్చడమేమిటన్న ప్రశ్న అప్పుడే లేచింది. అదే ఆయన ముందు పెట్టాను.

పెద్దాయన చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"బ్యాటరీకి ఆఫ్ యాడుంది సార్? అన్ని బ్రేకర్లూ దించేయండి, దాని కొసల్లో కరెంటు అట్లే ఉంటాది. ఇనుప స్పానర్ రెండు కొసల మీదా అడ్డం పడిందా, కరిగిపోతాది. అందుకే ఉంగరం, వాచీ తీసేసి, పిడికి తొడుగున్న స్పానర్ పట్టుకుంటాం."

ఇంతవరకు నాకూ తెలుసు. తర్వాత చెప్పిందే కొత్త. పెద్ద ప్లాంట్లలో బ్రేకర్‌ను పడగొట్టేదీ ఈ బ్యాటరీలిచ్చే డీసీ కరెంటే. ఎక్కడో లోపం ఉందని రిలే పసిగట్టినా, ట్రిప్ కాయిల్‌కు డీసీ అందకపోతే బ్రేకర్ కదలదు. కాపలావాడికి దొంగ కనిపిస్తూనే ఉంటాడు, గొంతు పెగలదు. అలా మంట లేచాక, ఎన్ని వేల వోల్టులకు పనికొచ్చే రబ్బరు గ్లౌజులైనా పొగకు అడ్డం పడవు. దానికి గాలి సిలిండరూ ముఖానికి మాస్కూ కావాలి, వాటిని తొడుక్కునేంత వ్యవధీ కావాలి.

"మీ ఫ్యాక్టరీలో బ్యాటరీలు ఎప్పుడు మారుస్తారు?"

తాళంకప్ప తీసి జేబులో వేసుకున్నాడు.

"వచ్చే ఆదివారం. మిషన్లన్నీ ఆపినాక. శుక్రవారమే పూర్తిచేయమన్నారు, కాదన్నా."