డిస్కు వేగము – లినక్స్ కథ

1990ల చివర ఇంటి కంప్యూటరులో లినక్స్ నెలకొల్పుకొన్న పలువురికి ఒక వింత ఎదురయ్యెడిది. హార్డుడిస్కు క్రొత్తది, ప్రాసెసరు చురుకైనది. అయినను పెద్ద ఫైలును నకలు చేయునపుడు తెరపై మౌసుగుర్తు సైతము తడబడెడిది.

కారణము డిస్కులో లేదు. డిస్కునుండి మెమరీకి సమాచారము చేరుటకు రెండు మార్గములు కలవు. మొదటిదానిలో ప్రతి ముక్కను ప్రాసెసరే మోయవలెను. షావుకారు తానే బస్తాలు దించినట్లన్నమాట. డైరెక్ట్ మెమరీ యాక్సెస్, అనగా డి.ఎం.ఎ. పద్ధతిలో ఆ చాకిరిని నియంత్రక చిప్పు చేయును. మొదటి మార్గపు గరిష్ఠవేగము సెకనుకు 16.7 మెగాబైట్లు, ఆ దశకముననే వచ్చిన అల్ట్రా డి.ఎం.ఎ.ది 33.

మార్క్ లార్డ్ వ్రాసిన హెచ్‌డిపార్మ్ అను చిన్న ప్రోగ్రాముతో వేగమును కొలిచి, ఒక్క ఆదేశముతో డి.ఎం.ఎ.ను తెరవవచ్చును. అట్లయిన ముందే ఏల తెరచియుంచలేదని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఆనాటి కొన్ని చిప్పులు, డిస్కులు లోపభూయిష్ఠములు, వానిపై డి.ఎం.ఎ. నడిపిన వ్రాసిన సమాచారమే చెడవచ్చును. అందుచే పెక్కుచోట్ల మెల్లని మార్గమునే ఉంచిరి. దీనిని నిర్లక్ష్యమనుట న్యాయము గాదు. అసలు కొరత వేరు: ఆ సంగతి వాడుకరికి తెరపై ఎవరును చెప్పలేదు.

క్రమముగా లోపమున్న పరికరముల పట్టిక కెర్నెల్‌లోనే చేరెను. తరువాత వచ్చిన సాటా డిస్కులకు డి.ఎం.ఎ.ను కెర్నెలే ఎంచుకొనును; వానిపై ఆ పాత ఆదేశము పనిచేయదు.