విల్లుకి ఏ కర్ర?



ఆగస్టు 9న మనం విల్లు పట్టుకుని ఫోటోలు దిగుతాం. ఆ విల్లు ఏ కర్రతో చేశారని పక్కనున్నోళ్లు అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? ఈ పోస్టు దాని గురించే. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

విల్లు తయారీ గురించి నెట్‌లో చూస్తే ఎల్మ్ కర్ర పేరు తరచుగా కనబడుతుంది. దానికి పెద్ద చరిత్రే ఉంది. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ చిత్తడి నేలలో దొరికిన విల్లు ఎల్మ్‌దే, సుమారు 9000 ఏళ్ల నాటిది. 12వ శతాబ్దంలో వేల్స్ విలుకాళ్లు అడవి ఎల్మ్‌తో విల్లులు చేసుకునేవారని జెరాల్డ్ అనే మతగురువు రాశాడు. ఎల్మ్ నారలు ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. అందుకే అది తొందరగా చీలదు.

ఆ కుటుంబం చెట్టు మన వైపూ ఉంది. ఆకు నలిపితే కంపు కొట్టే నెమలినార అదే. అయినా మన కొండల్లో విల్లంటే ముందు గుర్తొచ్చేది వెదురే. మందస, మెళియాపుట్టి నుంచి మహేంద్రగిరి వైపు వెళ్తే కారణం తెలుస్తుంది. చేతికందే దూరంలో ఉండేది వెదురు, చీల్చడానికి ఒక కత్తి చాలు.

విల్లు వంచినప్పుడు బయటి పక్క సాగుతుంది, లోపలి పక్క నలుగుతుంది. వెదురు పచ్చటి తొక్క కింద నారలు దట్టంగా ఉంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ పల్చబడతాయి. అంటే లాగుడికి ఆగే బలమంతా తొక్క పక్కనే ఉంది. అలాగని ప్రతి వెదురూ పనికిరాదు. ఏడాది నిండని లేత బొంగులో నీరెక్కువ, ఆరితే ముడుచుకుపోతుంది. పిండిపదార్థం ఎక్కువున్నప్పుడు నరికితే పురుగు పట్టి పుచ్చిపోతుంది. ముళ్ల వెదురుకి లోపల డొల్ల ఎక్కువ, సాధనం వెదురు గట్టిగా, చాలాచోట్ల నిండుగా ఉంటుంది. ఇవన్నీ చూసి ఎంచాలి. దీన్ని చదువు అనకపోతే ఇంకేమంటాం?

రాజుల పుస్తకాల్లోనూ ఈ లెక్క ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం విల్లులకి తాటి, వెదురు జాతి, కర్ర, కొమ్ము అని నాలుగు చెప్పింది. అల్లెతాడుకి జిల్లేడు నార, జనుము, వెదురు కూడా చెప్పింది. మన జిల్లా చూడండి. కింద ఉద్దానం ఇసుక నేలల్లో తాటి, పైన కొండల్లో వెదురు, దారి పొడుగునా జిల్లేడు. ఆ జాబితాలో సగం పలాస, టెక్కలి చుట్టూనే దొరుకుతుంది. కానీ రాసిన వాళ్ల పేరు నిలిచింది. అడవిలోకి వెళ్లి ఏ బొంగు మంచిదో ఎంచిన వాళ్ల పేరు ఎక్కడా లేదు. శబరుల పేరు ఐతరేయ బ్రాహ్మణం నాటికే ఉంది గానీ, వాళ్ల చేతిపని గురించి అందులో లేదు.

మన భాషకి మాత్రం ఒకాయన దొరికాడు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చాయి. మాటలు పుస్తకానికి ఎక్కాయి. చేతికి తెలిసిన విద్య మాత్రం పెద్దోళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఇంకో సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. అడవిబిడ్డలు అనాదిగా సేకరిస్తున్న వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. వెదురు మీద హక్కు కాగితం మీదకి వచ్చింది. ఏ వెదురు నరకాలో తెలిసినోళ్లు మాత్రం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆ తెలివి పోతే, హక్కు ఉన్నా కొట్లో కొన్న విల్లే పట్టుకోవాలి.

అందుకని తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు తాతల్ని అడగండి. ఏ వెదురు, ఏ నెలలో, ఎన్నేళ్ల బొంగు, ఎన్నాళ్లు ఆరబెట్టాలి, తొక్క ఏ పక్క ఉండాలి, తాడు దేనిది? వాళ్లు చెప్పిన మాటలు వాళ్లు చెప్పినట్టే, సవర మాటైతే సవరలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరుతో ఇక్కడ పెట్టండి. మన చరిత్రలో ఈ పేజీ మనమే రాయాలి.

జై ఆదివాసీ.