చేతులు మారిన కారు



చరిత్రయన రాజుల వంశావళియు, యుద్ధముల తేదీలును మాత్రమే యని తలంచువారు పెక్కురు గలరు. ముప్పదియైదేండ్లు బడిలో ఆ పాఠములే చెప్పిన నాకును చాలకాలము అట్లే తోచెను. పదవీవిరమణానంతరము నాచారములో కుమారుని యింట నుండగా, మా కుటుంబమునకు ఒక పాత కారు కొనవలసివచ్చినది. వీధిలో నిలిచియున్న బండికిని చరిత్ర గలదనియు, దానిని చదువనేరనివాడు నష్టపడుననియు అప్పుడు తెలిసికొంటిని. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప చాలయేండ్లు మన రోడ్లపై అంబాసిడరు, ఫియట్టు కార్లే ప్రధానముగా కనబడుచుండెను. ఎన్ని కార్లు చేయవలయునో ప్రభుత్వము లైసెన్సులచే నిర్ణయించెడిది. డబ్బు చేతనున్నవారు సైతము కొత్త కారునకై ఏండ్లతరబడి వేచియుండిరి. కావున వెంటనే దొరకు పాత కారునకు కొత్తదానికంటె హెచ్చు వెల పలికిన సందర్భములును గలవు. 1981లో ప్రభుత్వము మారుతి సంస్థను స్థాపించెను. మరుసటి సంవత్సరము జపానుదేశపు సుజుకి కంపెనీతో ఒడంబడిక జరిగెను. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారు మొదటి మారుతి 800 కారు తాళపుచెవులను హర్పాల్ సింగుగారి చేతికిచ్చిరి. 1998లో శాంట్రో, ఇండికా కార్లు వచ్చినవి. వెనుకభాగమున పైకి తెరచుకొను తలుపుగల యిట్టి చిన్న కార్లనే హ్యాచ్‌బ్యాక్ లందురు. హర్పాల్ సింగుగారు 2010లో పరమపదించువరకు తమ కారును విడువలేదు. అందరు నట్లుండరు గదా. కొత్త నమూనాలు వచ్చినకొలది పాతవి చేతులు మారి, మావంటి సామాన్యుల గుమ్మములకు చేరుచున్నవి.

ఉప్పలు, నాచారములు హైదరాబాదునకు తూర్పున నున్నవి. 2017 నవంబరునుండి ఉప్పలు మీదుగా మెట్రో రైలు నడుచుచున్నది. కాని మోకాళ్లనొప్పిగల నా భార్యను లోపలి వీధులనుండి ఆసుపత్రికి కొనిపోవుటకు బండి యుండక తీరదు. నా పింఛనులో మిగిలినదియు, కుమారుడు కూడబెట్టినదియు కలిసి రెండు లక్షల రూపాయలు. అవి పోయిన మరల చేకూరునవి కావు.

బండి చరిత్రలో మొదటి పుట దాని సంఖ్యాఫలకము. ఈ ప్రాంతము 1978నుండి రంగారెడ్డి జిల్లాలో నుండెను. ఆ జిల్లా బండ్లపై ఏ.పి. 28, ఏ.పి. 29 అని యుండెడిది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడగా, కొత్త బండ్లకు టి.ఎస్. అక్షరములు వచ్చినవి. 2024 మార్చినుండి అవియు మారి టి.జి. అయినవి. కావున నేడొక బండిపై ఏ.పి. అని చూచినచో, అది విభజనకు పూర్వ మిచ్చటనే నమోదైనదా, లేక ఆంధ్రప్రదేశమునుండి వచ్చినదా యని విచారింపవలయును. ఇచ్చటిదైనచో పదునైదేండ్ల నమోదు గడువు ఎప్పుడు తీరునో చూడవలయును. అచ్చటిదైనచో అక్కడి రవాణాశాఖవారి నిరభ్యంతర పత్రము కావలయును.

మేము చూచిన మొదటి కారు ఉప్పలులో నొక వ్యాపారివద్ద నుండెను. అది అద్దమువలె మెరయుచుండెను, వెలయు తక్కువ. మాతో వచ్చిన నాచారపు మెకానిక్కు ఆ మెరుపును చూడలేదు. కాళ్లక్రింది చాప నెత్తి, సీటు పట్టాల సందున వ్రేలు పెట్టి నాకు చూపెను. వ్రేలికి సన్నని ఎండిన ఒండ్రు అంటియుండెను. "సారూ, ఇది నీళ్లల్ల మునిగిన బండి" అనెను. 2020 అక్టోబరు 13వ తేదీన, ఉప్పలునకు తూర్పుననున్న ఘటకేసరు ప్రాంతమున ముప్పదిరెండు సెంటీమీటర్ల వాన కురిసెను. నగరమున నిలిపియున్న కార్లు నీటిలో తేలిపోయినవి. ఈ కారు ఆనాడు మునిగినదో, మరియొకనాడో మేము చెప్పలేము. మునిగిన బండిలో తీగెలు లోలోపల త్రుప్పుపట్టి, కొన్న కొన్నినెలలకుగాని రోగము బయటపడదని మెకానిక్కు చెప్పగా మరలివచ్చితిమి.

రెండవ కారు యంత్రము బాగుగనే యుండెను. కాని ఆర్.సి. యనబడు నమోదు పత్రములోని పేరు అమ్మువానిది కాదు; అతనికి అమ్మినవానిదియు కాదు. "సంతకము చేసిన ఫారములున్నవి, తరువాత మార్చుకొనవచ్చును" అని బ్రోకరు పలికెను. ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమనెను. కారణము మనవి చేసెదను.

ఇరువదియేండ్ల క్రిందట నేను నా స్కూటరు నమ్మి, తేదీలేని ఫారములపై సంతకములు చేసి చేతులు దులుపుకొంటిని. నాలుగేండ్లకు న్యాయస్థానమునుండి తాఖీదు వచ్చెను. స్కూటరు ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ఒక కూలివానికి తగిలి, అతని కాలు విరిగెను. బీమా లేదు; పత్రమున నా పేరే యున్నది. రెండేండ్లు వాయిదాలకు తిరిగి, తుదకు పరిహారము చెల్లించితిని. డబ్బు పోయినందులకంటె, నా యజాగ్రత్తచే ఆ కూలివాడు రెండేండ్లు కర్రతో కోర్టుమెట్లెక్కెనే యని నేటికిని బాధపడుచున్నాను.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను యాజమాన్యపు మార్పును రవాణాశాఖకు తెలుపవలయును. బీమా మార్పునకును పదునాలుగు దినములే గడువు. 2018లో సుప్రీంకోర్టు ఇట్టి వ్యాజ్యమునే విచారించెను. వరుసగా పలువురికి అమ్ముడైన కారు ప్రమాదము చేయగా, నమోదులో పేరున్న మొదటి యజమానియే బాధ్యుడని తీర్పు చెప్పెను. దెబ్బతిన్నవాడు యజమానుల వరుసను వెదకుచు తిరుగరాదని దాని యాంతర్యము.

మూడవ కారు రంగు వెలిసినది. కాని ఒకే యజమాని. పత్రమున నతని పేరే. మరమ్మతుల రసీదులన్నియు వరుసగా నుండెను. బ్యాంకు అప్పు తీరిన పత్రము చూచితిమి. ఇరువురమును 29, 30 సంఖ్యల ఫారములు నింపి, పేరు మారిన పిదపనే కడపటి పైకము చెల్లించితిమి.

పెద్దలారా, మీరు పొలము కొనునప్పుడు గట్లు చూతురు, పహాణీ చూతురు, పట్టాలో నెవరి పేరున్నదో చూతురు. పైరు పచ్చగా నున్నదని మాత్రము కొనరు. పట్నములో మీ పిల్లలు పాత కారు కొనునప్పుడును ఆ జాగ్రత్తయే చెప్పుడు. అమ్మునప్పుడు అంతకు రెట్టింపు చెప్పుడు.

నా కుమారుని పేర కొత్త ఆర్.సి. వచ్చిననాడు, దాని నకలు నొకదానిని పాత యజమానికి నేనే స్వయముగా తీసికొనిపోయి యిచ్చితిని. ఆయన రెండుమారులు చదివి, మడిచి జేబులో నుంచుకొనెను.

సెలవు.